టర్కీ షెడ్డులో నైట్రోజన్ డబ్బా

రాయ్‌పూర్ శివార్లలోని టాటీబంధ్ ధాబాలో టీ చల్లారకముందే చీఫ్ కొండలరావు బ్రీఫింగ్ ముగించాడు. అది 2010 జనవరి. క్రూగర్ అనే విదేశీ ముఠా నాయకుడు అభన్‌పూర్ దగ్గర దానయ్య ఫారంలో స్వైన్ ఫ్లూ అంటించి, బర్డ్ ఫ్లూ అని గోల లేపబోతున్నాడు. రాయ్‌పూర్ కోళ్లన్నిటినీ పూడ్చిపెట్టిస్తే తన ఫ్రోజెన్ చికెన్ దింపుకోవచ్చు.

"యోగేష్, ముఠాలో మన మనిషి ఒకరున్నారు. కోడ్‌వర్డ్, తెలీబంధా చెరువులో చేపలు లేవు."

ఏజెంట్ యోగేష్‌కి క్రూగర్ మీద కోపం కంటే చులకనే ఎక్కువ. ఈ మేధావి అప్పటికే మరో ఫారం బ్రాయిలర్ షెడ్డులో వైరస్ స్ప్రే చేయించాడు. మనుషులకి సోకే ఈ ఫ్లూ కోళ్లకి అంత సులువుగా పట్టదని ఏ పశువుల డాక్టర్ని అడిగినా చెప్పేవాడు. కోళ్లు శుభ్రంగా మేత మేసి బరువు పెరిగాయి.

టర్కీ కోళ్ల సంగతి వేరు. అంతకు ముందు ఏడాదే విదేశీ ఫారాల్లో వాటికి ఆ వైరస్ అంటింది. పెట్టలకి చేత్తో వీర్యం ఎక్కించేటప్పుడు పనివాళ్ల నుంచి సోకిందని అనుమానం. దానయ్య ఇల్లంతా టర్కీల మీదే బతుకుతోంది పాపం.

యోగేష్ దానయ్య షెడ్డులో కూలివాడి వేషంలో, చొక్కా బొత్తాంలో కెమెరాతో, పెట్టను పట్టుకుని నిలబడ్డాడు. క్రూగర్ టర్కీ నిపుణుడిగా దిగాడు. మాస్కు కూడా లేదు. వెనకాల నల్ల కళ్లద్దాల అందగత్తె రేచల్, ఆమె చేతిలో పొగలు కక్కే నైట్రోజన్ డబ్బా. అందులో గడ్డకట్టించిన యూరప్ మేలుజాతి టర్కీ వీర్యం ఉందని దానయ్యకి చెప్పింది.

యోగేష్‌కి నవ్వొచ్చింది. అలాంటి డబ్బాలు ఆవులకి ఎద్దు వీర్యం ఎక్కించడానికి తెస్తారు. టర్కీ పుంజు వీర్యం ఫారంలోనే తీసి అప్పటికప్పుడు వాడతారు, గడ్డకట్టిస్తే దాదాపు దండగే. సముద్రాలు దాటొచ్చిన వెధవ ఆ మాత్రం కనుక్కోలేదు. డబ్బాలో ఉన్నది వైరసే.

క్రూగర్ గాజు గొట్టంలోని గడ్డ కరిగించి పెట్ట మీదికి వంగాడు. యోగేష్ చటుక్కున పెట్టను వెనక్కి లాగి, అతని మణికట్టు పట్టుకున్నాడు. మరుక్షణం రేచల్ పిస్టల్ యోగేష్ కణతకి తగిలింది.

"అరే, యే క్యా హై బాబూ, నా పిట్టల్నేం చెయ్యకండి," అన్నాడు దానయ్య.

"తెలీబంధా చెరువులో చేపలు లేవు," అంది రేచల్, పిస్టల్ క్రూగర్ వైపు తిప్పి.

క్రూగర్ పిడికిట్లో గొట్టం చిట్లింది. చిందిందంతా అతని మొహం మీదే పడింది.

ఆ వారమే పోలీసు కాపలాలో, ఆస్పత్రి మంచం మీద అతనికి జ్వరం మొదలైంది. దానయ్య టర్కీలు గుడ్లు పెడుతూనే ఉన్నాయి. పక్షులన్నీ క్షేమం, వైరస్ ఒక్క మనిషికే అంటింది అని యోగేష్ రిపోర్టు రాశాడు. మనిషి అన్న మాట దగ్గర మాత్రం, క్రూగర్‌కి అది తగుతుందా అని కాసేపు పెన్ను ఆగింది.