డాల్డా డబ్బాలో క్రోటన్ కొమ్మ

"నీ కూతురి కాపురం నువ్వే సేస్తన్నావు వదినా. మరైతే దాన్ని నీ ఇంటికాడే ఉంచుకో" అని వియ్యపురాలు సరోజమ్మ నలుగురి ముందూ అనేసింది. గంగాభవాని కూడా తగ్గలేదు. అప్పటికప్పుడే కూతురు చంద్రకళ చెయ్యి పట్టుకుని, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీ నుంచి ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని తన క్వార్టర్‌కి రిక్షాలో తీసుకొచ్చేసింది.

తప్పెవరిదంటే... గంగాభవానిదే అనాలి. ఆషాఢం వెళ్ళాక ఒక్కగానొక్క కూతురు కాపురానికి వెళ్ళింది. వేరే ఊరైతే ఉత్తరాలతో సరిపెట్టుకునేది. ఉన్న ఊరే అయ్యేసరికి, మధ్యాహ్నం వర్క్‌షాపు సైరన్ మోగి మొగుడు పనిలోకి పోగానే కూరగిన్నె పట్టుకుని వియ్యపురాలి గుమ్మంలో తేలేది. పిల్ల చిక్కిందేమోనని బుగ్గలు తడిమేది, ఏం వండారోనని మూతలు తీసి చూసేది! సరోజమ్మ పళ్ళబిగువున ఓర్చుకుంది. ఆ రోజు చంద్రకళ తోముతున్న అన్నంగిన్నెని గంగాభవాని లాక్కుని, "నా పిల్లని పనిమనిషిగా ఇచ్చినానేటి?" అంది. పక్క క్వార్టర్ల వాళ్ళంతా విన్నారు.

చంద్రకళ అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది. అల్లుడు మురళీ ఇటు తొంగి చూడలేదు. కూతురి కాపురం తన చేతులతోనే చెడగొట్టానా అని గంగాభవానికి బెంగ పట్టుకుంది.

అలాంటి ఒక పొద్దున ఆవిడ వేరు వచ్చిందేమోనని అరుగు మీద డాల్డా డబ్బాలోంచి క్రోటన్ కొమ్మని పైకి లాగి చూస్తోంది. ఇంటి ముందున్న పాత మొక్క ఎదిగి ఎదిగి, కింది ఆకులన్నీ రాలి, తలలో మాత్రమే ఆకు మిగిలింది. కూతుర్ని పంపేముందు దాన్ని కణుపు కింద ఏటవాలుగా కోసి, రెండు కొమ్మలు తీసింది. ఒకటి కూతురితో పంపి, రెండోది తను ఈ డబ్బాలో నాటుకుంది. తనది వడిలిపోతూనే ఉంది.

"ఇంకా ఏరు రానేదే. నీదేటైంది?" అని కూతుర్ని అడిగింది.

"కొత్త ఆకేసింది."

"ఏరు సూసినావా?"

"నేదు. మా అత్త ఎవుర్నీ ముట్టుకోనివ్వదు. నీడలో పెట్టి తనే నీళ్ళు సిలకరిస్తాది." చంద్రకళ తల్లి చేతిలోని కొమ్మ వైపు చూసింది. "నువ్వు రోజూ పీకి సూస్తే అదెలాగ బతుకుతాదమ్మా?"

గంగాభవాని తలెత్తి చూసింది. కూతురి కళ్ళనిండా నీళ్ళు... ఇన్నాళ్ళూ తాను ప్రేమనుకుని చేసినదంతా ఏమిటో అప్పుడు అర్థమైంది.

ఆ సాయంత్రమే కూతుర్ని తీసుకెళ్ళి, వియ్యపురాలి గేటు బయటే నిలబడి, "తప్పు నాదే వదినా. నీ కోడల్ని నీకు అప్పగించి పోతన్నాను" అంది. సరోజమ్మ కోడలి చేతి సంచీ అందుకుని లోపలికి నడిచింది.

ఆ తర్వాత మధ్యాహ్నాలు గడవడం ఎంత కష్టమో గంగాభవానికే తెలుసు. సైరన్ మోగితే కాళ్ళు గుమ్మం దాకా వెళ్ళి ఆగేవి. వడిలిన కొమ్మ పారేసి, ఇంకోటి కోసి గుచ్చి, డబ్బాని నీడకి జరిపింది. నీళ్ళు చిలకరించడం, లోపలికి వచ్చేయడం... అంతే.

దసరా రోజుల్లో ఒక మధ్యాహ్నం సరోజమ్మే కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"ఏటి వదినా, మా ఇంటి దోవ మర్సిపోనావా? దుర్గపూజ పందిళ్ళు సూడ్డానికి మలంచా ఏపు ఎల్తన్నాం, నువ్వూ రా."

చంద్రకళ బుగ్గలు నిండుగా ఉన్నాయి. గంగాభవాని చెయ్యి అటు లేచి, మధ్యలో ఆగిపోయింది. సరోజమ్మ అది చూసి నవ్వి, "ముట్టుకో వదినా, నీ పిల్లే కదేటి" అంది.

ముగ్గురూ బయల్దేరుతుంటే సరోజమ్మ చూపు అరుగు మీది డబ్బా మీద పడింది. కొమ్మ చివర ఎర్రగా రెండు చిగురాకులు.

"బతికిందే. ఏరు బాగా పట్టిందా?"

"నాకేటి తెలుసు వదినా, నాను సూడనేదు" అంది గంగాభవాని, కళ్ళు తుడుచుకుంటూ.