ముప్పైఆరు డిగ్రీల అబద్ధం

“ముప్పైఆరా? నీ గన్నుకు కండ్లున్నయా సారూ?”

అరుణ్ చేతిలోని కాగితం లాక్కుంది దీవెన. ఎల్లారెడ్డిపేట గుట్ట కింద కందకాలు తవ్వే ఉపాధి కూలీలకు పని పురమాయించే మేటు ఆమె. అరుణ్ జగిత్యాల నుంచి వచ్చిన రీసెర్చ్ స్టూడెంట్. రోజూ పదిన్నరకు ఉపగ్రహం పైనుంచి ఇన్‌ఫ్రారెడ్‌తో నేల వేడిని కొలుస్తుంది. అదే వేళకు అతను కింద చేతిలో పట్టుకునే థర్మామీటర్ గన్నుతో కొలవాలి. రెండూ కలవాలి. మూడు వారాలుగా కలవడం లేదు. అతని అంకె చూసే, ఎండపని పదింటికే ఆపాలో వద్దో మండలాఫీసు సారు తేలుస్తాడు.

“శాటిలైట్ యాభైమూడు అంటుంది. గదే తప్పయి ఉంటది” అన్నాడు అరుణ్.

“మొన్న మా అమ్మ గీడనే కండ్లు తిరిగి పడ్డది. గది గూడ తప్పేనా? యాడ కొలిచినవ్, చూపియ్యి.”

చూపించాడు. పలుగు దిగడానికి కూలీలు ముందురోజు సాయంత్రమే నీళ్లు పోసి నానబెట్టిన మట్టి. తడిమట్టి చల్లగా ఉంటుందని పొయ్యి అలికే ఏ ఆడమనిషైనా చెప్తుంది. ఈ చదువుకున్నవాడు అడిగితే గదా.

“షూ ఇప్పు.”

“ఎందుకండీ?”

“ఇప్పు. గా ఎండిన నేల మీద నిలబడు.”

రెండు అంగలు వేశాడో లేదో, ఎగిరి వెనక్కొచ్చాడు. ఆడవాళ్లంతా నవ్వారు. గన్ను అటు తిప్పాడు. యాభైరెండు.

మూడు వారాల పని మట్టిపాలు. అయినా మండలాఫీసు సారుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

“సార్, నా రీడింగులన్నీ తప్పు. తడిమట్టి మీద కొలిచిన. శాటిలైటే కరెక్టు.”

అవతల సారు తిట్టాడు, గొణిగాడు, చివరికి రేపటి నుంచి పదింటికే పని ఆపమన్నాడు.

“మంచి పని చేసినవ్ గదా, మొఖం గట్ల పెట్టినవేంది?” అంది దీవెన.

“రేపటి నుంచి మీరు పదింటికే పోతరు. శాటిలైట్ వచ్చేది పదిన్నరకు.”

“అయితే?”

“రోజూ గా తడి జాగలనే ఎందుకు నిలబడ్డ అనుకున్నరు? గాడ నిలబడితె మీరు మంచిగ కనవడ్తరు.”

దీవెన నెత్తి కొట్టుకుంది. “నీ ప్రేమ పాడుగాను. మా పానాల మీదికి తెచ్చినవ్ గదయ్యా.”

అరుణ్ తల దించుకున్నాడు. ఆమె విసుగ్గానే కాగితం తిరిగి అతని చేతిలో పెట్టింది.

“నిన్నొక్కన్ని ఇడిస్తే మల్ల యాడ కొలుస్తవో ఏమో. రేపటి నుంచి అరగంట నేనుంట.”

పక్కనే గంప ఎత్తుకుంటున్న తల్లి సత్తవ్వ అంది.

“గొడుగులు రెండు తెచ్చేవు బిడ్డా. ఒక్కటి సాలు.”