సింకు దగ్గర సెలీనియం

"ఈ సీసాలు కడిగిందెవరు?"

వకుళ గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ. ఐలేశం చెయ్యెత్తాడు. పటాన్‌చెరులోని ఆ మందుల కంపెనీ ల్యాబులో సీసాలు కడిగేది అతనొక్కడే మరి.

"మంచిగనే కడిగిన మేడం. ఏమైంది?"

"ఎలుక కణాల్ని సెలీనియం తగలకుండా పెంచుతున్నాను. అది లేకపోతే లోపలి ఆర్ఎన్ఏ మీద ఒక చిన్న రసాయన గుర్తు తగ్గాలి. కొన్ని సీసాల్లో తగ్గుతోంది, కొన్నింట్లో లేదు. అణుమాత్రం సెలీనియం ఎక్కణ్ణుంచో వచ్చి పడుతోంది. శనివారంలోగా తేలకపోతే ల్యాబు హెడ్ సూర్యారావు గారు పని ఆపేస్తారు. నేను మా ఊరు కాకినాడకి బస్సెక్కడమే."

ఐలేశం చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

చిట్కుల్‌లో అతని కిరాయి గదిలో ఇంకొకడున్నాడు. వాడిది రాత్రి షిఫ్టు. రెండేళ్లుగా చుట్టిపెట్టిన చాపే తప్ప మనిషి కనబడడు. వారం మొత్తంలో ఐలేశాన్ని పేరు పెట్టి పిలిచేది వకుళ ఒక్కతే. అదీ మంగళ, శుక్రవారాల్లో, హైదరాబాదు నుంచి ఆమె వచ్చినప్పుడు.

శుక్రవారం పొద్దున ల్యాబు సింకులో తల రుద్దుకుంటూ, చుండ్రు షాంపూ సీసా మీది అక్షరాలు మొదటిసారి చదివాడు. సెలీనియం సల్ఫైడ్.

నురగ కంట్లోకి దిగింది. తుడుచుకోవాలని కూడా తోచలేదు. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆమె వెళ్లిపోతుంది.

వకుళ వానలో తడిసి వచ్చింది. అతను షాంపూ సీసా ఆమె ముందు పెట్టాడు.

"మీ సెలీనియం ఇగో. మా రూముల నల్లా సరిగ్గ రాదు. గీ సింకులనే తల కడుక్కుంటున్న. తప్పు నాదే, సార్‌కు చెప్పుండ్రి."

ఆమె నోట్‌బుక్ తీసి, సీసాలు కడిగిన తేదీలు ఒక్కొక్కటే వేలితో చూసుకుంది.

"చెడిపోయినవన్నీ మంగళ, శుక్రవారాల్లో కడిగినవే. ఆ రెండు రోజులే తలస్నానం దేనికి?"

రేకుల మీద వాన మోగుతోంది.

"మీరొచ్చే దినాలు అవే గద మేడం."

వకుళ ఆ తేదీల కింద పెన్నుతో గీత గీసింది.

"మూణ్ణెల్లుగా ఈ కణాలు చెబుతూనే ఉన్నాయన్నమాట," అంది. "నాకే చదవడం రాలేదు."

"నౌకరి పోయినట్టేనా?"

"సింకు వల్ల అని రాస్తాను. ఎవరి తలో రాయను." లేచి, మళ్లీ ఆగింది. "ఆదివారం హాస్టల్లో నాతో మాట్లాడేవాళ్లే ఉండరు. ముత్తంగి స్టేజీ దగ్గర దిగుతాను. వస్తావా?"

"వస్త."

"కుంకుడుకాయలతో రుద్దుకుని రా."

ఆదివారం తల రుద్దుకోవడానికి ఐలేశానికి ఇన్నాళ్లూ కారణమే లేదు.