తొమ్మిదో నంబరు ఇంట్లో నాడిపెట్టె

నాడిపెట్టె ముందు అబద్ధమాడి గెలిచినవాడు అటు భూమ్మీద గానీ ఇటు చంద్రుడి మీద గానీ పుట్టలేదు, పుట్టబోడు. ఈ మాట స్టాంపు కాగితం మీద రాసిమ్మన్నా రాసిస్తాను.

ఇది 2094 నాటి సంగతి. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర మంచుగుంట అని ఒక ఊరుండేది. పేద్ద గొయ్యి, అడుగున ఎండ మొహం ఎరగని మంచు, దాన్ని తవ్వడానికి రెండు వేలమంది డ్రిల్లర్లు, ఫిట్టర్లు, కూలీలు. గట్టు మీద గాజు గుడారాల కింద బజారు. ఆ బజారులో బ్యాంకుకీ, బూట్లు బాగుచేసే కొట్టుకీ నడుమ తొమ్మిదో నంబరు ఇల్లు. అక్కడ పొద్దు గుంకడం అంటూ లేదు, సైరన్ కూస్తే సాయంత్రం. సైరన్ కూయగానే చంకలో హెల్మెట్ పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, నలుగురైదుగురు ఆ గుమ్మం ముందు వరసలో నిలబడేవాళ్లు. గుమ్మం మీద బోర్డు: ‘వయోజన సేవా గృహం. ప్రభుత్వ లైసెన్సు నంబరు 9.’

బోర్డు చూసి ముక్కు చిట్లించకండి. చట్టం ఒప్పుకున్న వ్యాపారానికి ఎన్ని తంటాలుంటాయో ఆ ఇంటికీ అన్నీ ఉండేవి. పదకొండు మంది ఆడవాళ్లు, పదకొండు మందీ వాటాదార్లే. గోడ మీద డ్యూటీ పట్టిక, వారానికి రెండ్రోజులు సెలవు, నెలకోసారి డాక్టరు, జీతంలోంచి ప్రావిడెంట్ ఫండు, ప్రతి మంచం పక్కనా ఒక గంట. వచ్చినవాడు నచ్చకపోతే ‘వద్దు’ అంటే చాలు, ఎందుకని అడిగే హక్కు మేనేజరుకి కూడా లేదు. పన్ను రిటర్నులో మంచాల అరుగుదల కూడా చూపించేవాళ్లు. మంచం ఏడాదికి ఎంత శాతం అరుగుతుందనే దాని మీద పన్నుల ఆఫీసుకీ ఆ ఇంటికీ నాలుగేళ్లు ఉత్తరాలు నడిచాయంటే చూసుకోండి.

మేనేజరు పేరు వరహాలమ్మ. భీమిలి మనిషి, అరవై ఒక్క ఏళ్లు. ఇరవై మూడేళ్ల కిందట పైకి వచ్చి, పదిహేనేళ్లు తనూ అక్కడే పనిచేసి, తరవాత మిగతావాళ్లు చేతులెత్తి ఎన్నుకుంటే కౌంటరు వెనక కూర్చుంది.

పన్ను రెండు రకాలు. దేహసేవ మొదటి తరగతి, నూటికి ముప్ఫై. మాటసేవ, అంటే కూర్చుని కబుర్లు చెప్పుకోవడం, రెండో తరగతి, నూటికి అయిదు. బాగానే ఉంది గానీ, తలుపు మూశాక లోపల ఏ తరగతి జరిగిందో ఎవరు చెప్పాలి? ఆఫీసరు వెళ్లి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చోలేడు కదా.

అందుకు దొరికింది నాడిపెట్టె. దాన్ని తయారుచేసింది కడపవైపు ఇంజనీరు, డాక్టర్ తవ్వా ఓబయ్య. ఆయన చేసింది పన్నుల కోసం కాదు, మంచు విరిగిపడి కింద చిక్కుకుపోయినవాళ్లు బతికున్నారో లేదో తెలుసుకోవడం కోసం. రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది. అందులోంచి బలహీనమైన రేడియో తరంగాలు బయలుదేరి, మనిషి ఛాతీకి తగిలి వెనక్కొస్తాయి. ఊపిరికి ఛాతీ ఎంత లేచింది, గుండె ఎంత కదిలింది, వెంట్రుకవాసి తేడాతో పట్టేస్తుంది. ఇంగ్లీషులో మైక్రోరాడార్ అన్నారు, ఓబయ్య మాత్రం ‘గుండెచూపు’ అని పేరు పెట్టాడు. గదిలో పెట్టే పెట్టెకి కళ్లు లేవు, చెవులు లేవు. గుండె పరుగులో ఉందా, కుదురుగా ఉందా, నిద్రలో ఉందా అన్నది ఒక్కటే దానికి కావాలి. సేవ పూర్తవగానే తరగతి అచ్చువేసి చీటీ కక్కుతుంది.

పన్నుల శాఖ అంతటితో ఆగిందా? ఒక పెట్టెకి చెవులూ గొంతూ అతికించి ఆఫీసులో బల్ల మీద పెట్టుకుంది. అబద్ధం ఆడేవాడి గుండె తొట్రుపడుతుంది గనక, సాక్షి మాట వినగానే అది ‘నిజం’ అనో ‘అబద్ధం’ అనో చెప్పేస్తుంది. అలా చెయ్యొద్దని ఓబయ్య రెండు ఉత్తరాలు రాశాడు. రెండిటికీ జవాబు రాలేదు.

గదుల్లో పెట్టెలు పెట్టిన మూడు నెలలకి లెక్క తేలింది. మిగతా ఇళ్లలో చీటీలు సగంసగం. తొమ్మిదో నంబరులో మాత్రం నూటికి ఎనభై ఎనిమిది రెండో తరగతి.

అసిస్టెంట్ కమిషనర్ గరిమెళ్ల త్ర్యంబకం ఆ కాగితం చూసి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. భూమి నుంచి వచ్చి ఏడు నెలలైంది. చెయ్యి చాచని మనిషి, నవ్వని మనిషి. ఓబయ్యని వెంటబెట్టుకుని తిన్నగా తొమ్మిదో నంబరుకి వెళ్లారు.

“ఏమ్మా, పెట్టెలకి ఏం చేశారు?”

“ఏటి చేస్తాం బావూ? తుడుస్తన్నాం,” అంది వరహాలమ్మ.

“రెండు వేలమంది మగవాళ్లు ఇంత డబ్బు పోసి మీ దగ్గరికి కబుర్లు చెప్పుకోవడానికి వస్తున్నారా?”

“కబుర్లు కూడా కాదు బావూ. తలకి నూనె రాయించుకుంతారు, తొంగుంతారు.”

త్ర్యంబకం గారు ఓబయ్య వైపు చూశారు. ఓబయ్య పైకప్పు వైపు చూశాడు.

వరహాలమ్మ విడమరిచి చెప్పింది. తవ్వకంలో పన్నెండు గంటలు హెల్మెట్ తియ్యకూడదు. తలంతా చెమట, చుండ్రు, పుండ్లు. ఆ తలలు దిండు మీద పెడితే గలీబులు రోజూ ఉతకాలి. చంద్రుడి మీద నీళ్లు బంగారం. అందుకని ఎనిమిదేళ్ల కిందట తను మేనేజరు కాగానే ఒక రూలు పెట్టింది: ఎవడైనా సరే, ముందు నేల మీద కూర్చోవాలి, తలకి నూనె పట్టించుకోవాలి, దువ్వించుకోవాలి, మిగతాదంతా తరవాత. తొట్లలో పెంచే నాచులోంచి తీసిన నూనె, గోరువెచ్చగా కాచి.

“తరవాతకి ఎవుడూ మిగల్లేదు బావూ. సగం దువ్వేసరికి గుర్రు. లేకపోతే ఏడుపు. గంట కొట్టి లేపుతాం, డబ్బులిచ్చి ఎల్తారు. మల్లీ వారం మల్లీ వొస్తారు.”

“మంగలి షాపులో రాయరా నూనె?”

“అక్కడ పక్క కుర్చీలో ఇంకొకడుంతాడు గదా.”

త్ర్యంబకం గారు నమ్మలేదు. నోటీసు బల్ల మీద పెట్టారు. పన్ను ఎగవేసినట్టు తేలితే లైసెన్సు రద్దు. చంద్రుడి మీద లైసెన్సు లేని ఇంటికి గాలి వాటా ఇవ్వరు, అంటే వచ్చే ఓడలో పదకొండు మందీ, మేనేజరూ భూమికి దిగిపోవాలి.

నోటీసు చదివి వరహాలమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుంది. ఆరోవంతు బరువులో ఇరవై మూడేళ్లు బతికిన ఎముకలు ఆమెవి, లోపలంతా బొరుగుల్లా గుల్లబారాయి. భూమి మీదకి దించితే లేచి నిలబడలేదని డాక్టరు ఎప్పుడో రాసిచ్చాడు. పడుకున్నా ఊపిరి బరువవుతుందన్నాడు.

ఓబయ్య గదుల్లో పెట్టెలన్నీ విప్పి చూశాడు. “ఒక్కదానికీ జబ్బు ల్యా సార్. కరెక్టుగా ఉండాయి.”

“అయితే కస్టమర్లే చెప్తారు,” అన్నారు త్ర్యంబకం గారు. చీటీల మీద అందరి గుర్తింపు నంబర్లూ ఉన్నాయి. రెండో తరగతి చీటీలున్న నూట పద్నాలుగు మందికి సమన్లు వెళ్లాయి.

మొదట వచ్చినవాడు పైడిరాజు, డ్రిల్లరు, తలుపులో పట్టడు. పోయిన వారమే నూనె రాస్తుంటే అరచేతుల్లో మొహం పెట్టుకుని గంటసేపు ఏడ్చినవాడు.

“నీకు ఇచ్చిన సేవ ఏ తరగతి?” అని అడిగారు ఆఫీసరు.

పైడిరాజు మీసం మీద చెయ్యేశాడు. “ఏటి సార్ ఆ ప్రశ్న? నన్ను చూస్తే తొంగోడానికి ఎల్లే మొహంలా ఉన్నాదా? ఫస్టు క్లాసు!”

“నిజం,” అంది పెట్టె.

తరవాతివాడూ ఫస్టు క్లాసే. ఆ తరవాతివాడూ. అరవై దాటిన వెల్డరు ఒకాయన ఫస్టు క్లాసు కంటే పైన ఏదైనా ఉందా అని కూడా అడిగాడు. నూట పద్నాలుగు మందీ ఛాతీ విరుచుకుని చెప్పారు, నూట పద్నాలుగు సార్లూ ‘నిజం’ అంది పెట్టె.

మొదట్లో నేనేదో రాసిస్తానన్నాను చూడండి, ఆ స్టాంపు కాగితం చింపేయండి. అబద్ధమాడి గెలిచినవాడు పుట్టలేదన్నాను గానీ, ఆ ఒక్క వారంలోనే నూట పద్నాలుగు మంది పుట్టుకొచ్చారు.

ఓబయ్య తల పట్టుకుని పెట్టె ముందు కూర్చున్నాడు. “ఏమప్పా, నన్నిట్ల చేస్తివి? వాళ్లు అబద్ధం చెప్తాండారని నీకు తెలియలేదా?”

“గుండె తొట్రుపడలేదు,” అంది పెట్టె. “అబద్ధానికి భయపడేవాణ్ణి పట్టమని నాకు నేర్పారు. వీళ్లు అబద్ధం చెప్పేటప్పుడు హాయిగా ఉన్నారు. నిజం చెప్పాల్సివస్తుందేమోనని గుమ్మంలోకి వచ్చేటప్పుడు భయపడ్డారు. అది నన్నెవరూ అడగలేదు.”

ఓబయ్య పరుగెత్తుకుంటూ తొమ్మిదో నంబరుకి వెళ్లాడు. “అక్కా, ఒక్కడి సంగతి చెప్పు చాలు. ఏడ్చినోడు ఎందుకేడ్చినాడో, ఏం చెప్పుకున్నాడో చెప్తే, పిలిపించి మొహం మీద అడుగుతాం. నిజం కక్కేస్తాడు.”

“చెప్పను తమ్ముడూ.”

“వాళ్లు నిన్ను ముంచినారు కదక్కా!”

“ముంచాలని కాదు. ఒక్కొక్కడూ తనొక్కడే తొంగున్నాననుకుంతన్నాడు. మిగతావోళ్లందరూ మగోళ్లని, తనొక్కడే ఇలాగయిపోయేనని. పక్కోడికి తెలిస్తే ఆ గోతిలో మల్లీ తలెత్తి తిరగ్గలడా? గదిలో మాట గదిలోనే. అదే మా యాపారం. అదమ్ముకుని నాను ఇక్కడుండి ఏటి సెయ్యాలి?” అంది.

ఓడకి ఇంక రెండు రోజులుంది. వరహాలమ్మ చీరలు మడిచి పెట్టెలో పెట్టుకుని, ఇంటి తాళాలు అప్పగించడానికి పన్నుల ఆఫీసుకి వచ్చింది. త్ర్యంబకం గారు ఉత్తర్వు రాస్తూ పెన్ను వెనక కొసతో చెవి పైన గోక్కుంటున్నారు. ఏడు నెలల హెల్మెట్ కదా.

“బావూ, ఎల్లిపోతన్నాను. ఓ అరగంట ఇలా నేల మీద కూకోండి,” అంది.

“ఇది లంచం కిందకొస్తుంది.”

“రసీదు రాసుకోండి. ఓబయ్య తమ్ముడుంతాడు, తలుపు తీసే ఉంతాది, మీ పెట్టె అలాగే ఉంతాది. నానేటి అమ్మేనో చూడకుండా తీర్పు రాసేస్తే ఎలాగ?”

రూలు ప్రకారం అది తనిఖీ కిందకి వస్తుందని ఆయనకి అనిపించింది. కళ్లజోడు తీసి, కోటు మడిచి, నేల మీద కూర్చున్నారు. ఆమె సీసాలోంచి గోరువెచ్చని నూనె మాడు మీద పోసి, వేళ్లు జుట్టులోకి పోనిచ్చింది.

“గోళ్లు తగులుతున్నాయా బావూ?”

“లేదు. ఏడు నెలలైంది నన్నెవరైనా తాకి. సూటు జిప్పు సరిచూసేవాడు తప్ప,” అన్నారు త్ర్యంబకం గారు, గోడకేసి చూస్తూ. మరికాసేపటికి తమ్ముడితో మాటల్లేని సంగతి మొదలుపెట్టారు. అది సగంలో ఆగిపోయింది. మెడ పక్కకి వాలింది. ఆపైన ఆయన పెట్టిన గురకకి పక్కగదిలో గుమాస్తాలు సైరన్ అనుకుని లేచి సంచులు సర్దుకున్నారు.

నలభై నిమిషాలకి మెలకువ వచ్చింది. గుమ్మంలో గుమాస్తాలు, పక్కన ఓబయ్య. మూతి తుడుచుకుని గబుక్కున లేచారు.

“ఏం చూస్తున్నారు? నేను నిద్రపోలేదు. కళ్లు మూసుకుని కేసు గురించి ఆలోచిస్తున్నాను.”

“నిజం,” అంది పెట్టె. ఆ వెంటనే చీటీ కక్కింది: నిద్ర నలభై నిమిషాలు, రెండో తరగతి.

ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి ఓబయ్య కిటికీ దగ్గరికి పోయి గొయ్యిలోకి చూస్తూ నిలబడ్డాడు. త్ర్యంబకం గారు ఒక చేత్తో చీటీ పట్టుకుని, రెండో చేత్తో జుట్టు తడుముకున్నారు. జుట్టు నున్నగా ఉంది. ఒకే పెట్టె, ఒకే నిమిషంలో, ఆయన నిద్రపోయారనీ చెప్పింది, పోలేదన్న మాట నిజమనీ చెప్పింది. ఆయన నిజాయితీపరుడని ముందే చెప్పాను కదా. కుర్చీలో కూర్చుని, రాసిన ఉత్తర్వు కొట్టేసి, కొత్తది రాశారు: ‘ఈ విషయంలో మగవాళ్ల వాంగ్మూలం చెల్లదు. ఆఫీసరుది కూడా చెల్లదు. గదిలో పెట్టె ఇచ్చిన చీటీయే ఆధారం. నోటీసు రద్దు.’

“చీరలు విప్పుకోండమ్మా,” అన్నారు తలెత్తకుండా. నాలుక కరుచుకుని, “పెట్టెలోంచి,” అన్నారు.

వరహాలమ్మ పడీపడీ నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. తాళాలు తీసుకుని వెళ్లిపోయింది.

ఆర్నెల్లకి చట్టంలో మూడో తరగతి అని ఒకటి చేరింది. లోపల ఏం జరిగినా సరే, బయటికిచ్చే చీటీ మీద ‘మొదటి తరగతి’ అని అచ్చువేస్తారు. పన్ను నూటికి ముప్ఫై అయిదు, అసలు మొదటి తరగతి కంటే అయిదు ఎక్కువ. అది రాసింది త్ర్యంబకం గారే. మంచుగుంటలో అంతగా వసూలైన పన్ను మరొకటి లేదు. పైడిరాజు తన చీటీలన్నీ క్యాంటీనులో అందరికీ చూపించేవాడు, మిగతావాళ్లు తమవి తీసి చూపించేవాళ్లు. తొమ్మిదో నంబరులో నాచునూనె వాడకం రెట్టింపయింది.

త్ర్యంబకం గారు కూడా రెండు గురువారాలకోసారి అక్కడికి తనిఖీకి వెళ్లేవారు. వెళ్లిన మొదటిసారే, కౌంటరు మీదికి వంగి, తన చీటీ కూడా మూడో తరగతిలోకి మార్చి ఇమ్మని వరహాలమ్మని చెవిలో అడిగారు.

ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పాను గానీ, ఈ చివరిది మాత్రం నేను కల్పించాను. ఆయన అడగలేదు. అడక్కుండానే ఆమె మార్చిన చీటీ మడిచి ఆయన చేతిలో పెట్టింది. ఆయన విప్పి చూసుకుని, వద్దనలేదు.