చేపల్లేని తొట్టి

మా రేవు ఊరు కీలుంగ్‌లో వాన పడని రోజు ఏదని అడిగితే మా వాళ్ళు కాసేపు ఆలోచిస్తారు. గోడలకి చెమ్మ, బట్టలకి బూజు, ముసలాళ్ళకి కీళ్ళ నొప్పులు. మా ఇల్లు రేవుకి ఎదురుగా నాలుగో అంతస్తులో. నాలుగు చావు అంకె అని ఎవరూ తీసుకోలేదు కాబట్టే మాకు చవగ్గా దొరికింది. నాకు అంకెలంటే భయం లేదు. జీతాలు ఎగ్గొట్టి మూసేసిన బట్టల మిల్లు గేటు ముందు, చంటిపిల్లల్ని వీపున కట్టుకున్న ఆడవాళ్ళతో కలిసి వానలో కూర్చున్నదాన్ని. లాఠీలు చూశాను. లాఠీ పట్టుకున్న మనిషి కంటే భయపెట్టేది ఇంకేదీ ఉండదనుకునేదాన్ని.

మా హాల్లో టీవీ ఉండాల్సిన చోట ఉప్పునీళ్ళ చేపల తొట్టి ఉంది. మంచమంత పొడుగు. అది మా ఆయన తెక్-హోయ్‌ది. రేవులో క్రేను నడిపేవాడు. పనినుంచి వచ్చి చెప్పులు విప్పకముందే "గ్యోక్-హా, చేపలకి పెట్టావా?" అని అరిచేవాడు. నేను తిన్నానా అని ఏనాడూ అడగలేదు.

పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట పోయింది. ఆస్పత్రినుంచి తెచ్చాక గోడకేసి తిరిగి పడుకున్నాడు. గంజి పెడితే పళ్ళు బిగించేవాడు. చివరికి విసుగెత్తి చక్రాల కుర్చీలో కూలేసి తొట్టి ముందుకి తోశాను. అది పిల్లగా ఉన్నప్పుడే ఆయన తెచ్చి పెంచిన నీలిచారల చేప ఒకటి ఉంది, ఇప్పుడది పళ్ళెమంత అయింది. అది వచ్చి అద్దం దగ్గర ఆగింది. ఈయన నోరు తెరిచాడు. నేను చెంచా పెట్టేశాను. ఆ రోజునుంచి చేప ఒక చుట్టు తిరిగితే ఈయన ఒక చెంచా తినేవాడు.

ఆ చేప ఉంటే ఈ మనిషి ఉంటాడు. పోతే పోతాడు. నాకు తెలిసింది అంతే.

అందుకే ఆ చేప రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు కనిపించిన రోజు చెంచా పక్కన పడేసి అద్దం దగ్గరకి పోయాను.

తెల్లచుక్క పురుగుతో వేగడమంటే మిల్లు యజమానితో వేగడమే. పోయిందనిపిస్తుంది, పోదు. చేప ఒంటినుంచి రాలి ఇసకలో గుడ్డులా దాక్కుంటుంది. నువ్వు గెలిచానని పండగ చేసుకునేసరికి పగిలి, వందలుగా మళ్ళీ పైకొస్తుంది. వెల్లుల్లి కలిపి మేత పెట్టాను. చేపని మంచినీళ్ళలో ముంచి తీశాను. పురుగుని చంపే దీపమంటే అదీ పెట్టించాను. చిన్న చేపలన్నీ ఒక్కొక్కటీ పోయాయి. నీలిచారలది మాత్రం రాళ్ళకి ఒళ్ళు రాసుకుంటూ, ఆయాసపడుతూ మిగిలింది.

చేపల కొట్టు కున్-సెంగ్ వచ్చి చూసి పెదవి విరిచాడు.

"పిన్నీ, ఈ పురుగుకి చేప ఒళ్ళే అన్నం. చేపని తీసి వేరే టబ్బులో రాగి మందు పెట్టు. ఈ తొట్టిని ఖాళీగా వదిలెయ్. తినడానికి ఒళ్ళు దొరక్కపోతే అదే మాడి చస్తుంది."

"ఎన్నాళ్ళు?"

"ఎండాకాలం పోయేదాకా. నీకు ఓపిక లేదనుకో, అది వేరే మాట."

"నా ఓపిక సంగతి నీకేం తెలుసురా? నువ్వు పాలు తాగేనాటికే నేను గేటు ముందు కూర్చున్నా."

చేపని స్నానాలగది పక్కన టబ్బులోకి మార్చాం. ఈయన కుర్చీని టబ్బు దగ్గరకి తోస్తే ఒకటే మూలుగు. తెచ్చి మళ్ళీ ఖాళీ తొట్టి ముందు పెడితే ఊరుకునేవాడు. తినడం మాత్రం తగ్గింది. నేను రోజులు నెట్టుకొచ్చాను.

చంద్రమానపు ఏడో నెల వచ్చింది, పోయినవాళ్ళు తిరిగొచ్చే నెల. ఆ నెలలో మేం 'దెయ్యం' అనం, 'మంచన్నలు' అంటాం. పద్నాలుగో రాత్రి ఒక్కో ఇంటిపేరు వాళ్ళూ కాగితపు ఇల్లు కట్టి, నిప్పంటించి సముద్రంలోకి తోస్తారు. నీళ్ళలో పోయినవాళ్ళకి అది దారి దీపం. రండి, ఒడ్డుకొచ్చి తినండి అని పిలవడం. నెలాఖరున తలుపు దగ్గర బల్లమీద అన్నీ పెట్టి, తిన్నారుగా, ఇక వెళ్ళిరండి అని సాగనంపుతాం. పిలిచినవాళ్ళని పంపకపోతే మర్యాద కాదు.

పదిహేనో రోజు పొద్దున తొట్టిలో నీళ్ళు మార్చాలి. ఉప్పు సంచీ అయిపోయింది, పండగని కున్-సెంగ్ కొట్టు మూశాడు. మా ఆయన కాళ్ళమీద ఉన్నప్పుడు పడవలో దూరం పోయి సముద్రం నీళ్ళే తెచ్చేవాడు, ఏడో నెలలో మాత్రం రేవు మెట్లు కూడా దిగేవాడు కాదు. నేను దిగాను. క్యాన్లు తోపుడుబండి మీద పెట్టుకుని, దీపాలు వదిలిన ఒడ్డుకే పోయాను. దగ్గరని. సగం కాలిన వెదురుబద్దలు నీళ్ళమీద ఊగుతున్నాయి. బూడిదని చేత్తో పక్కకి తోసి క్యాను ముంచాను.

ఆ నీళ్ళు పోసిన సాయంత్రం మా ఆయన గిన్నెడు గంజి తిన్నాడు.

చేపల్లేని తొట్టిని చూస్తూ తిన్నాడు. కళ్ళు ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకి, మెల్లగా పోతున్నాయి. దేన్నో చూస్తున్నట్టు. అలవాటు పడ్డ కళ్ళులే అనుకున్నాను. తింటున్నాడు కదా.

తొట్టిలో చేపలు లేవని నేను అద్దం గీకడం మానేశాను. లోపల పచ్చటి నాచు పట్టింది. అందులో ఒకచోట గుండ్రంగా, మొహమంత మేర శుభ్రంగా ఉంది. సరిగ్గా ఆయన మొహానికి ఎదురుగా. నత్తలు తినుంటాయి. నేల తుడవడానికి ఆయన కుర్చీని తొట్టి రెండో చివరికి తోసి, అలాగే మర్చిపోయాను.

మర్నాడు ఆ చివర కూడా అద్దం శుభ్రంగా ఉంది. ఆయన మొహానికి ఎదురుగా... మొహమంత.

పురుగు చచ్చిందో లేదో చూద్దామని కున్-సెంగ్ ఇచ్చిన చిన్న నీలం చేపని వదిలాను. అది వేసిన మూలనుంచి కదల్లేదు. అద్దానికి ఒళ్ళు నొక్కుకుని, బయటికి పోయే దారి వెతుకుతున్నట్టు ముక్కు కొట్టుకుంది. తెల్లారేసరికి పిండిలో దొర్లించినట్టుంది. తెల్లచుక్కలు. కున్-సెంగ్‌ని పిలిచాను.

"ఏం నీళ్ళు పోశావు పిన్నీ?"

"సముద్రం నీళ్ళు. నీ సంచీ ఉప్పు కంటే నయం."

"ఎక్కడివి?"

చెప్పాను. వాడు చేతిలో వల కింద పెట్టేశాడు.

"వడకట్టని రేవు నీళ్ళు పోస్తే పురుగు రాక పూలు పూస్తాయా? సరే, అది పురుగు సంగతి." మా ఆయన వైపు ఓరగా చూసి గొంతు తగ్గించాడు. "అవి మంచన్నల్ని పిలిచిన నీళ్ళు పిన్నీ."

"నోర్ముయ్. చేపలు అమ్ముకునేవాడివి, మంత్రాలు అమ్మకు. ఏం చెయ్యాలో చెప్పు."

"మొత్తం తోడెయ్. రాళ్ళు తీసి ఎండబెట్టు. తడి లేకపోతే ఏదీ బతకదు." గుమ్మం దగ్గర ఆగి అన్నాడు. "నెలాఖరున సాగనంపడం మాత్రం మానకు."

తర్వాత తుఫాను వచ్చింది. ఆఫీసులకి సెలవిచ్చారు. మధ్యాహ్నమే కటిక చీకటి. కిటికీలకి అతికించిన టేపు గాలికి చిటపటలాడుతోంది. అన్నం పొయ్యి మీద ఉండగా కరెంటు పోయింది. బ్యాటరీ పంపు ఒక్కటే ఉంటే దాన్ని నీలిచారల చేపకి పెట్టాను. పెద్ద తొట్టిలో నీళ్ళు ఎలాగూ కుళ్ళుతాయి. ఇవాళే తోడేద్దామనుకున్నాను.

ఏళ్ళ తరబడి మా ఇంట్లో పంపు చప్పుడు ఆగలేదు. అది ఆగాక ఇల్లు ఇల్లులా లేదు. ఆ నిశ్శబ్దంలో తొట్టివైపునుంచి చిన్న చప్పుడు. టప్. కాసేపాగి... టప్. మేతకోసం చేప నీటిపైకొచ్చి నోరు తెరిచి మూస్తుందే, అలా.

నీలం చేప అంతకుముందే చచ్చింది. నేనే తీసి పారేశాను.

టార్చి వేసి రాళ్ళు ఒక్కొక్కటీ తీసి బకెట్లో పెట్టాను. ఏమీ లేదు. పైపు ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొస నోట పెట్టి పీల్చాను. ఉప్పునీళ్ళు నోట్లోకొచ్చాయి. ఉప్పు కాదు. కాలిన కాగితం రుచి. ఉమ్మేసి, పైపు కొస తీసుకెళ్ళి స్నానాలగది తూములో పెట్టి వచ్చాను. ఇల్లంతా తడిసిన బూడిద వాసన.

"వద్దు."

మా ఆయన మాట్లాడాడు! పరిగెత్తి చెంపలు పట్టుకున్నాను.

"ఏమన్నావ్? ఏయ్ ముసలోడా, మళ్ళీ అను."

అనలేదు. నావంక చూడలేదు. ఒళ్ళు చల్లగా ఉంది. తొట్టిలో నీరు తగ్గుతోంది. నేనూ అటే తిరిగాను.

నీరు ఇసకదాకా దిగింది. టార్చి వెలుగులో ఇసక కనిపించింది. ఒక చేప లేదు, పీత లేదు. మధ్యలో గుంట ఉంది. మనిషి కాళ్ళు ముడుచుకుని, పక్కకి ఒత్తిగిలి పడుకుంటే పడేంత గుంట. భుజం చోటు. మోకాళ్ళ చోటు.

చెయ్యి పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు.

వెచ్చగా ఉంది.

వెనక గుటక చప్పుడు వినిపించింది. ఒక గుటక. ఇంకో గుటక. ఆబగా... ఊపిరి తీసుకోకుండా...

టార్చి తిప్పాను.

పైపు స్నానాలగదిలో లేదు. దాని కొస మా ఆయన నోట్లో ఉంది. కుడిచేత్తో పట్టుకున్నాడు. ఏడాదిగా దుప్పటిమీద చచ్చిన పిట్టలా పడున్న కుడిచెయ్యి అది. గొంతు పైకీ కిందకీ పోతోంది. పైపులో చివరి నీళ్ళు గుర్రుమంటూ ఆయనలోకే పోయాయి.

స్నానాలగదికి పరిగెత్తాను. నేల పొడిగా ఉంది. చుక్క పడలేదు. మంచమంత తొట్టి నీళ్ళు... ఎక్కడికి...

తిరిగొచ్చేసరికి మూతి తుడుచుకుంటున్నాడు. కడుపు ఎప్పటిలాగే వీపుకంటుకుని ఉంది. నన్ను చూశాడు. నన్నే చూశాడు, ఏడాది తర్వాత.

"ఆకలి," అన్నాడు మెల్లగా.

నేనేం చెయ్యను? పొయ్యి మీది అన్నం పెట్టాను. కుండంతా తిన్నాడు.

గాలివాన తగ్గిన రెండు రోజులకి గోడ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత గోడ వదిలేశాడు. ఆస్పత్రి డాక్టరమ్మ ఆశ్చర్యపోయి, నా చేతులు పట్టుకుని "మీ సేవ అమ్మా ఇదంతా" అంది. టబ్బులో నీలిచారల చేప ఒంటిమీద ఒక్క చుక్క లేదు, అద్దంలా ఉంది. మా ఆయనకి చూపించాను. కొత్త బకెట్టు చూపిస్తే ఎలా చూస్తారో అలా చూసి పోయాడు. ఆయన దగ్గరకొచ్చినప్పుడల్లా ఆ చేప అడుగుకి దిగి అదురుతూ ఉండేది. తొట్టి మళ్ళీ నింపమని అడగలేదు. చెప్పులు విప్పి, నన్ను చూసి, "తిన్నావా?" అనేవాడు.

పెళ్ళయిన నలభయ్యేళ్ళలో మొదటిసారి నన్నెవరో ఆ మాట అడిగారు.

నెలాఖరు వచ్చింది. వీధంతా గుమ్మాల ముందు బల్లలు, పొగ, వేయించిన కోడి వాసన. నేనూ కింద గుమ్మంలో బల్ల పెట్టాను. కున్-సెంగ్ కొట్టు కట్టేసి వచ్చి పక్కన నిలబడ్డాడు. మా ఆయన మెట్లమీద కూర్చుని కుడిచేత్తో పంపరపనస వలుస్తున్నాడు. తొక్క తెగకుండా వలుస్తున్నాడు.

"పిన్నీ," వాడు నా చెవిలో గుసగుసలాడాడు. "పొద్దు వాలుతోంది. వెళ్ళిరమ్మని అను. ఇవాళ తప్పితే ఇక పంపలేం."

"పంపితే ఈయనేమవుతాడురా?"

వాడు బల్లమీది పళ్ళేలు సర్దాడు.

"చెప్పు, పెద్ద తెలిసినవాడివి కదా. మళ్ళీ గోడకేసి తిరిగి పడుకుంటాడా? ఈసారి పదిరోజులుంటాడా?"

"పిన్నీ, అది..."

చేతిలో అగరొత్తులు కాలుతున్నాయి. నేను యజమానులకి లొంగలేదు. పురుగుకి లొంగలేదు. ఒక మనిషిని బతికించుకుంటానని పట్టుపట్టాను, బతికించుకున్నాను. ఇప్పుడెవరో వచ్చి వదిలెయ్యమంటే వదలాలా?

అగరొత్తులు తలకిందులు చేసి, కాలే కొసలు పూలకుండీ తడిమట్టిలో గుచ్చాను. చుయ్‌మన్నాయి. కున్-సెంగ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకొకటి వేశాడు. తర్వాత తిరిగి చూడకుండా పోయాడు.

వీధిలో ఒక్కొక్క బల్లా లోపలికి పోయింది. దీపాలు ఆర్పేశారు. మెట్లమీదనుంచి ఆయన వలిచిన పంపరపనస తొన చాపాడు. మొహంలో ఎంత ప్రేమ!

"అ-చున్," అని పిలిచాడు. "ఇలా రా. చల్లగా ఉంది, తిను."

మా ఇంట్లోగానీ, మా రెండువైపుల చుట్టాల్లోగానీ ఆ పేరు గలవాళ్ళు ఎవరూ లేరు.

"వస్తున్నా," అన్నాను.