వాయిదా రోజున కదలని బండి

కొత్త బ్యాటరీ బిగించాలి. ఇంజను నడుస్తున్నప్పుడు ఛార్జింగు ఎంత వస్తోందో చూడాలి. బండి ఆపేశాక కరెంటు ఎటైనా కారిపోతోందేమో పట్టుకోవాలి. రెండో తాళంచెవి ఎక్కడుంటుందో కనుక్కోవాలి. ఇంట్లోవాళ్ళతోనూ, పై వాటా ఆయనతోనూ మాట్లాడాలి. రేపు ఉదయం తొమ్మిదింటికల్లా నర్సును విచారణ గదిలో కూర్చోబెట్టాలి.

ఆ బుధవారం ఉదయం టైపిస్టు నోటుపుస్తకంలోకి ఎక్కిన పనులివి. చివరి దాని కింద సర్వేయరమ్మ తన పెన్నుతోనే రెండు గీతలు గీసింది. నాలుగేళ్ళుగా ఆమె దగ్గర పనిచేస్తున్న టైపిస్టుకు ఆ రెండు గీతల అర్థం తెలుసు. మిగతావి ఆగినా ఇది ఆగడానికి వీల్లేదని.

సర్వేయరమ్మ పాతికేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున గుద్దుకున్న బండ్లను పరీక్షించిన మనిషి. వంగిన మడ్‌గార్డును చూసి, నడిపినవాడు చెప్పేది నిజమో అబద్ధమో తేల్చేది. ఇప్పుడు సొంతంగా ఆఫీసు పెట్టుకుని అందరి చిక్కుముళ్ళూ విప్పుతోంది. ఆమె రిపోర్టులు టైపు చేయడానికి ఒక నెల కోసం వచ్చిన టైపిస్టు, ఆ బుర్ర పనిచేసే తీరు చూశాక మరి కదల్లేదు.

నర్సు వచ్చింది తొమ్మిది గంటలకు. ముప్పై ఏళ్ళలోపు మనిషి. హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది.

"నా బండిని ఎవరో ఏదో చేస్తున్నారు మేడమ్."

"ఏం చేస్తున్నారు?"

"బ్యాటరీ దిగిపోతోంది. ఇప్పటికి మూడుసార్లు."

టైపిస్టుకు నవ్వొచ్చింది. మెకానిక్కు దగ్గరికి పోవలసిన మనిషి దారితప్పి వచ్చిందనుకున్నాడు. సర్వేయరమ్మ మాత్రం నవ్వలేదు.

"ఏయే రోజుల్లో?"

నర్సు మొదటినుంచీ చెప్పింది. ఆమె పనిచేసేది నూలు మిల్లు ప్రథమ చికిత్స గదిలో. మూడు నెలల కిందట అక్కడ పెద్ద ఫిట్టరు యంత్రంలో పడి చనిపోయాడు. ఆయన తాగి ఉన్నాడని యాజమాన్యం రాసిచ్చింది. దాని మీద ప్రభుత్వ అధికారి ఒకరు విచారణ జరుపుతున్నారు.

"ఆయన్ని మోసుకొచ్చింది నా గదికే. నా చేతుల్లోనే పోయాడు. నోట వాసన లేదు, మాట తడబడలేదు. అది చెప్పగలిగేది నేనొక్కదాన్నే. రెండు వాయిదాలు వేశారు. రెండు రోజులూ పొద్దున్నే సెల్ఫ్ నొక్కితే టిక్కుమని కూడా అనలేదు. కిక్ లేని బండి, తోసినా స్టార్టు కాలేదు. రేపే ఆఖరి వాయిదా. రేపు కూడా వెళ్ళకపోతే తాగి పోయాడనే రాసి ఫైలు మూసేస్తారు."

"ఆటో లేదా? బస్సు లేదా?"

"మొదటిసారి మెకానిక్కు కోసం చూస్తూ కూర్చున్నా. నేను వెళ్ళేసరికి పేరు పిలిచేశారు. రెండోసారి కొత్త బ్యాటరీ కదా అని ధీమాగా ఉన్నా. రేపు కారులో వెళ్ళొచ్చు మేడమ్, వెళ్ళలేక కాదు. బ్యాటరీ దాకా వచ్చిన చెయ్యి బ్రేకు దాకా రాదా?" ఆమె వేళ్ళు హెల్మెట్టు పట్టీని మెలిపెడుతున్నాయి. "ఆ చెయ్యి ఎవరిదో తెలియకుండా నేను రేపు నోరు విప్పలేను. అబద్ధమెందుకు, భయంగా ఉంది."

"మూడుసార్లన్నావు. వాయిదాలు రెండేగా?"

"మొట్టమొదటిసారి ఒక ఆదివారం. వాయిదా లేదు, ఏమీ లేదు. మధ్యాహ్నం కూరగాయలకని తీస్తే దిగిపోయి ఉంది. పాత బ్యాటరీలే అనుకుని ఛార్జి చేయించా."

సర్వేయరమ్మ చేతిసంచీ అందుకుంది. "పద, బండిని చూద్దాం."

ఇంటికీ ప్రహరీకీ మధ్య ఉన్న సందులో, మనిషి ఒత్తిగిలి నడవవలసినంత ఇరుకులో, నల్లటి మందపాటి కవరు కింద ఉంది బండి. నర్సు ఫోను చేసిన మెకానిక్కు అప్పటికే మీటరుతో సిద్ధంగా ఉన్నాడు. మొహం మాడ్చుకున్నాడు.

"ముందే చెబుతున్నా అమ్మా, నా బ్యాటరీలను మాత్రం అనకండి. రెండోసారి దిగినదాన్ని ఛార్జి చేసి మూడు రోజులు నా బల్ల మీద పెట్టా. వీసమంత దిగలేదు. ఇదుగో, అయినా ఇంకోటి తెచ్చా."

"నిన్నెవరేమన్నారు మేస్త్రీ? పని కానీ."

అతను సీటు విప్పి, ముందు నెగటివ్ తీగ, తర్వాత పాజిటివ్ తీగ విప్పాడు. తీగల కొసలు గరుకు కాగితంతో రుద్ది, కొత్త బ్యాటరీ కూర్చోబెట్టి, ఈసారి పాజిటివ్ ముందు బిగించాడు. బండి ఒక్క నొక్కుకే అందుకుంది. ఇంజను నడుస్తుంటే మీటరు పద్నాలుగు వోల్టులు దాటి చూపించింది. అంటే ఛార్జింగుకు లోటు లేదు. ఆపేసి, నెగటివ్ తీగకూ బ్యాటరీకీ మధ్య మీటరు పెట్టాడు. ముల్లు సున్నా దగ్గరే నిలిచింది.

"కరెంటు ఎటూ పోవడం లేదు. బ్యాటరీకి జబ్బు లేదు, బండికీ జబ్బు లేదు" అన్నాడు మెకానిక్కు.

"అయితే మనుషుల్లో ఎవరికో ఉండాలి" అంది సర్వేయరమ్మ. నర్సు వైపు తిరిగింది. "వాయిదా రోజుల్లో పొద్దున్న తాళంచెవి పెట్టినప్పుడు హ్యాండిల్ ఎలా ఉంది?"

నర్సు ఆలోచించింది. "లాక్ వేసి ఉంది. రెండుసార్లూ. నేనెప్పుడూ వెయ్యను, ఈ సందులో హ్యాండిల్ తిప్పుకుంటూ లాగితే గానీ బండి బయటికి రాదు. కంగారులో నేనే వేశాననుకున్నా."

"ఆదివారం?"

"ఆ రోజు లేదు."

"రాసుకో టైపిస్టూ."

రెండో తాళంచెవి వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. ఇంట్లో నర్సు, తండ్రి, తమ్ముడు. పైవాటాలో మిల్లు సూపర్‌వైజరు. ఆయన రోజూ పేపరు కోసం కిందికొచ్చి వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి కబుర్లాడతాడు. చెయ్యి చాపితే ఎవరికైనా అందే మేకు అది.

తమ్ముడు మిల్లులో గుమాస్తా. భోజనానికి వచ్చినవాడు అన్నం ముందునుంచి లేచి వచ్చాడు.

"మీ అక్క రేపు మాట్లాడితే నీ ఉద్యోగం ఉంటుందా బాబూ?"

"ఉండదేమో. అక్కతో రెండు రోజులు గొడవపడ్డానండీ, దాచడమెందుకు? కానీ బండి ముట్టలేదు. చేస్తే మొహం మీదే చేస్తా, చాటుగా చెయ్యను."

"వాడిది నోరు తప్ప ఇంకేం పనిచెయ్యదు మేడమ్" అంది నర్సు. ఆ సంగతి చెబుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఆ మొదటి ఆదివారం ఎక్కడున్నావు?"

"సరుకు లారీతో వెళ్ళా. శుక్రవారం వెళ్తే సోమవారం వచ్చా."

సూపర్‌వైజరు ఇస్త్రీ మడత నలగని చొక్కాతో మెట్లు దిగాడు. "మేమూ అమ్మాయి మంచే కోరతామండీ. విచారణకెళ్ళే ఆ రోడ్డంతా లారీలు. ఒంటరిగా బండి మీద తిరిగే ఆడపిల్ల, ఏదైనా జరిగితే ఎవరిని అడుగుతాం? అదే వాళ్ళ నాన్నగారితోనూ అన్నాను."

"ఎప్పుడన్నారు?"

"మొదటి వాయిదాకు రెండు రోజుల ముందనుకుంటా."

ఎంతో మర్యాదగా అన్నాడు. టైపిస్టుకు మాత్రం అది బెదిరింపుగానే వినిపించింది. దొంగ దొరికేశాడనుకుని సర్వేయరమ్మ కేసి చూశాడు. ఆమె సూపర్‌వైజరును కాదు, వరండాలోని తండ్రిని చూస్తోంది.

ఆయన మితభాషి. ముప్పై అయిదేళ్ళు ఒక గోడౌనులో స్టోర్‌కీపరు. మంచినీళ్ళివ్వడానికి అలమారు తాళం తీసి గ్లాసులు తీశాడు. మళ్ళీ తాళం వేసి, ఇంకో మెలిక గట్టిగా తిప్పి, రెండుసార్లు లాగి చూశాడు.

"మంచి అలవాటు" అంది సర్వేయరమ్మ.

"నా చేతి కింద ఒక్క మేకు పోలేదమ్మా" అన్నాడాయన. ఆ ఒక్క మాటలో గర్వం వినిపించింది. మళ్ళీ తల దించుకున్నాడు.

నాలుగు గంటలకు అందరినీ బండి దగ్గరికి పిలిచింది. సందులో ఎండ ఇంకా తెల్లగా కాస్తోంది. ఒకరి వెనక ఒకరు గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"చిన్న పని. తలా ఒకసారి ఈ బండికి హ్యాండిల్ లాక్ వేసి తాళంచెవి నా చేతికివ్వండి."

తమ్ముడు హ్యాండిల్ ఎడమకు తిప్పి, నొక్కి, లాక్ చేసి ఇచ్చాడు. మెకానిక్కు కళ్ళు మూసుకుని వేసి, "ఇది కూడా పరీక్షేనా?" అన్నాడు. సూపర్‌వైజరు హ్యాండిల్‌ను కుడికి తిప్పి కాసేపు కుస్తీపట్టి, "నాకు కారే అలవాటండీ" అని వదిలేశాడు.

తాళంచెవి తండ్రి ముందుకొచ్చింది. ఆయన దాన్ని అందుకోలేదు.

"నాకు రాదమ్మా. ఈ బండ్ల సంగతి నాకేం తెలుసు?"

తమ్ముడు అమాయకంగా తల ఎత్తాడు.

"అదేంటి నాన్నా? నేను ఊళ్ళో లేనప్పుడు, పక్కింట్లో సైకిలు పోయిందని ఆ శనివారం బండికి లాక్ వేశానని ఫోన్లో నువ్వే చెప్పావుగా?"

తండ్రి చెయ్యి గోడను వెతుక్కుంది.

"ముప్పై అయిదేళ్ళు తాళాలు వేసిన చెయ్యి" అంది సర్వేయరమ్మ. ఆమె గొంతులో కాఠిన్యం లేదు. "తాళం వెయ్యడం రాదని మీరంటే నమ్మేదెవరు స్టోర్‌కీపరుగారూ?"

ఆమె హ్యాండిల్ లాక్ వేసి అక్కడ ఆగలేదు. తాళంచెవిని నొక్కి ఇంకో మెలిక తిప్పింది. అది మరో గుర్తు దగ్గర ఆగి, సులువుగా బయటికొచ్చింది. ఎండలో బండి ఎప్పటిలాగే కనిపించింది. కవరు కప్పి, "తల లోపలికి పెట్టు టైపిస్టూ" అంది.

టైపిస్టు వంగి కవరు కిందికి దూరాడు. ఆ చీకట్లో వెనక దీపం ఎర్రగా, నిలకడగా వెలుగుతోంది.

"పార్కింగ్ లైటు!" నెత్తి కొట్టుకున్నాడు మెకానిక్కు. "ఆపిన బండి చీకట్లో కనబడేందుకు పెట్టింది. దీన్ని ఎవరు వాడతారమ్మా! బండి నా చేతికొచ్చేసరికి లాక్ తీసేసి ఉంటుంది. నాకెలా తడుతుంది?"

"రాత్రంతా వెలిగితే తెల్లారేసరికి ఈ బ్యాటరీలో ఏమీ మిగలదు. అప్పటికి దీపమూ ఆరిపోతుంది. అమ్మాయి కవరు తీసినా కనబడేదేమీ ఉండదు. లాక్ ఉందంటే తాళంచెవి ఉన్న మనిషే. ఆదివారం తమ్ముడు లేడు. సూపర్‌వైజరుగారికి లాక్ వెయ్యడమే చేతకాదు. పైగా ఆదివారం చెడగొడితే ఆయనకొచ్చే లాభమేమిటి? అది వాయిదా రోజు కాదు. అంటే మొదటిది పొరపాటు. ఎవరో దొంగలకు భయపడి లాక్ వేసి, అలవాటు కొద్దీ ఇంకో మెలిక తిప్పారు. పొద్దున్నే తనే తీసి, మిణుకుమంటున్న దీపం చూసి, సంగతి గ్రహించి, సిగ్గుపడి ఊరుకున్నారు. తర్వాత సూపర్‌వైజరుగారు వచ్చి లారీల గురించి చెప్పారు. అప్పటినుంచి జరిగినది పొరపాటు కాదు."

నర్సు వచ్చి తండ్రి ముందు నిలబడింది. "నువ్వా నాన్నా?"

"నీకు చెబితే వింటావా?" అన్నాడు ముసలాయన. "బండి కదలకపోతే నువ్వు ఇంట్లో ఉంటావు. ఇంట్లో ఉంటే బతికుంటావు. నాకు అంతకుమించి తోచలేదే అమ్మా."

"నేను రెండో వాయిదా నుంచీ బ్రేకు తొక్కి చూసి గానీ బండెక్కడం లేదు, తెలుసా? ఎవరో చంపుతారని." ఆమె ఏడవలేదు. "ఫిట్టరుగారి భార్య ప్రతి వాయిదాకూ వచ్చి బెంచీ మీద కూర్చుంటోంది. నేను వస్తానని. రెండుసార్లు ఒట్టినే వెళ్ళిపోయింది."



సర్వేయరమ్మ సూపర్‌వైజరు వైపు తిరిగింది. "మీరు పెద్దాయనతో అన్న మాటలు, తేదీతో సహా, మా టైపిస్టు రాశాడు. కింద సంతకం పెట్టండి."

"నేనేదో మాటవరసకు..."

"మాటవరసకు అన్నది రాయడానికి భయమెందుకు? పెట్టకపోతే పెట్టలేదనే రాస్తాం. రేపు అధికారి చేతికి కాగితం ఎలాగూ వెళ్తుంది. ఇకమీదట ఆ రోడ్డు మీద ఏ లారీ ఈ అమ్మాయికి దగ్గరగా వచ్చినా ముందు మిమ్మల్నే అడుగుతారు."

సూపర్‌వైజరు సంతకం పెట్టలేదు. మెట్లెక్కేటప్పుడు మాత్రం వచ్చినప్పటి దర్జా లేదు.

మర్నాడు ఏడున్నరకు టైపిస్టు తన స్కూటరుతో ఆ ఇంటి ముందున్నాడు. నర్సు సెల్ఫ్ నొక్కగానే బండి గుర్రుమంది. తండ్రి ఉతికిన చొక్కా వేసుకుని, కొడుకు హెల్మెట్టు పెట్టుకుని, ఏమీ అడగకుండా వెనక సీటెక్కాడు. కూతురు కాసేపు వెనక్కి తిరగలేదు. తర్వాత, "గట్టిగా పట్టుకో నాన్నా, గుంతలున్నాయి" అంది. విచారణ జరిగే చోటిదాకా ఇరవై రెండు కిలోమీటర్లూ టైపిస్టు వాళ్ళ వెనకే వెళ్ళాడు. లారీ దాటిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టాడు.

తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా ఆమె విచారణ గదిలో కూర్చుంది. పేరు పిలిచారు. లేచింది. బెంచీ చివర నీలం చీరలో ఉన్నావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నర్సు తను చూసినది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పింది. యాజమాన్యం వకీలు మూడుసార్లు గద్దించాడు. మూడుసార్లూ అదే చెప్పింది.

ఆ వాంగ్మూలాన్ని తర్వాత శుభ్రంగా టైపు చేసింది టైపిస్టే. చదివేవాళ్ళకు అతని మనవి ఒకటి. మేడమ్ తెలివిని మరిచిపోయినా ఫరవాలేదు, ఈ ఒక్క మనిషిని గుర్తుంచుకోండి. ఆయన తొమ్మిదో నంబరు యంత్రం మీద పెద్ద ఫిట్టరు. వయసు నలభై ఆరు. ఆ యంత్రానికి ఊడిపోయిన రక్షణ జాలీ బిగించమని మూడుసార్లు రాసిచ్చాడు. పోయేముందు నర్సు చెయ్యి పట్టుకుని, ఆ యంత్రం మీదికి ఇంకెవరినీ పంపకండి, ముందు ఆపించండి అన్నాడు. ఆయన తాగి పోయాడని ఎవరైనా అంటే, కాదని చెప్పండి.