వెలగని ప్లేట్‌లెట్లు

"ఈ మధ్య ఆస్పిరిన్ ఏమైనా వేసుకున్నారా?"

లిఫ్టు తలుపుల మధ్య తల దూర్చి పనిచేస్తున్న మెకానిక్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. తెల్ల కోటు, ముక్కు మీదికి జారిన కళ్లజోడు, చేతిలో ఖాళీ ట్యూబు. పై అంతస్తు ల్యాబులో పరిశోధన చేసే అమ్మాయి.

"లేదండీ. వేసుకోవాలా?"

"వద్దు వద్దు! అది వేసుకుంటే ప్లేట్‌లెట్లు సరిగా పనిచేయవు. మా ప్రయోగానికి మీలాంటివాళ్లే కావాలి. కాస్త రక్తం ఇస్తారా?"

అమ్మాయిలు తనను ఏమేం అడుగుతారో చాలానే ఊహించుకున్నాడు గాని, రక్తం అడుగుతారనుకోలేదు. అయినా చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

మర్నాడు ఆమే ఫోన్ చేసి మళ్లీ రమ్మంది. ఆ వారంలోనే ఇంకోసారి. ఈసారి అతను ఇస్త్రీ చొక్కా తొడిగి, సెంటు కొట్టుకుని మరీ వచ్చాడు. ఆమె చూపు మాత్రం ట్యూబు మీదే.

"నిజం చెప్పండి. నన్నే ఎందుకు పిలుస్తున్నారు?"

"మీ ప్లేట్‌లెట్లు భలే వింతగా ఉన్నాయి!"

"ఓహో... వాటి కోసమా?" అతని ముఖం చిన్నబోయింది.

ఆమె అదేమీ గమనించకుండా కుర్చీ లాగి స్క్రీన్ చూపించింది.

"ప్లేట్‌లెట్ పైపొరలో ఒక రకం కొవ్వు ఉంటుంది. మామూలప్పుడు లోపలివైపే ఉండిపోతుంది. గాయమైతే బయటివైపుకు తిరుగుతుంది. రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లు వచ్చి చేరేది దాని మీదే. మేం వేసే రంగు ఆ కొవ్వుకు అంటుకుని వెలుగుతుంది. గాయమైందని నమ్మించే మందు కలిపాక ఇవి నావి."

స్క్రీన్ నిండా పచ్చటి చుక్కలు.

"ఇవి మీవి."

అంతా చీకటి.

"అంటే నాది మొండి రక్తమా?"

ఆమె నవ్వలేదు. "దెబ్బ తగిలితే రక్తం త్వరగా ఆగుతుందా?"

"చిన్నప్పుడు పన్ను పీకితే దిండంతా తడిసిపోయింది. అమ్మ హడలిపోయింది. అన్నట్టు, ఈ శుక్రవారం జ్ఞానదంతం తీయించుకుంటున్నా."

"ఎవరి దగ్గర? పదండి, ఇప్పుడే వెళ్దాం!" కోటు కూడా విప్పకుండా ఆమె మెట్లు దిగింది.

పళ్ల డాక్టరు ఆ పని వాయిదా వేశాడు. రక్తవ్యాధుల డాక్టరు మళ్లీ పరీక్షలు చేయించి, లోపం నిజమేనని తేల్చాడు. దాతల ప్లేట్‌లెట్లు సిద్ధంగా పెట్టుకుని పెద్దాసుపత్రిలోనే పన్ను తీయాలన్నాడు. ఆ తిరుగుళ్లన్నిటికీ ఆమె తోడు వెళ్లింది. ఒక సాయంత్రం వాన పట్టుకుంటే ఇద్దరూ ఒకే గొడుగు కింద ఇరుక్కున్నారు.

"తాడు తెగితే లిఫ్టు కింద పడదా?" అడిగింది ఆమె.

"పడదు, బ్రేకు పట్టేస్తుంది. తెలుసుకోవాలని ఉన్నది లిఫ్టు గురించా, నా గురించా?"

"రెండూ," అంది ఆమె, వాన వైపు చూస్తూ.

పన్ను తీశారు. రక్తం ఆగింది. నోటినిండా దూదితో అతను మంచం మీద ఉండగా తల్లి, తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయిని పరికించి చూసింది.

"మావాడికి నువ్వేమవుతావమ్మా?"

అతను ఏదో చెప్పబోయాడు.

"మీరు మాట్లాడకండి, దూది ఊడుతుంది," అని అతన్ని ఆపి, ఆమె తల్లివైపు తిరిగింది. "ఇంకా తేలలేదండీ. మీ అబ్బాయి ఊఁ అంటే తేలిపోతుంది."

అతను పళ్లు కదపకుండానే, గదంతా వినబడేలా "ఊఁ!" అన్నాడు.

తల్లి నవ్వి, పక్కనున్న కుర్చీ ఆ అమ్మాయి వైపు జరిపింది.